మూడు రోజుల వజ్రాలు

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. గ్రహణం పట్టి ఉండగా పిల్లలందరి చేతా ఉప్మా తినిపించిన మనిషిని. అలాంటి నేను ఒక జత దుద్దులకి భయపడ్డానంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది.

వజ్రాల దుద్దులు పెట్టుకోవాలని పెళ్లినాటి నుంచీ నా కోరిక. కూడబెట్టింది నలభై వేలు. ఆ డబ్బుకి కొట్టువాడు చూపించిన రాయి కనపడాలంటే ముందు కళ్ళజోడు కొనుక్కోవాలి. అందుకని ఫోన్‌లో వాడిన నగలు వెతకడం మొదలుపెట్టాను. ఒకావిడ దుద్దుల్ని బంగాళాదుంపకి గుచ్చి ఫోటో పెట్టింది. ఇంకొకాయన ఫోటోలో దుద్దులకంటే వెనకున్న గ్యాసుబండ బాగా కనపడింది. నెల రోజులు వెతగ్గా రాజమండ్రిలో ఒక జత తగిలింది. ఏడు రాళ్లవి, సర్టిఫికెట్‌తో సహా, సరిగ్గా నలభై వేలు.

అంత తక్కువకి ఎందుకిస్తున్నారని ఫోన్ చేసి అడిగాను.

"మాకు అచ్చిరాలేదండి. కొన్న వారానికే మా ఆయన బండి మీంచి పడ్డారండి. మీరూ మూడు రోజులు ఇంట్లో ఉంచుకుని చూడండి. పడకపోతే తిరిగిచ్చేయండి, నేనేం అనుకోను" అందావిడ.

వజ్రం అచ్చిరావాలన్నది మా వైపు గట్టి నమ్మకం. మూడు రోజులు ఇంట్లో పెట్టుకుని, చెడు జరక్కపోతేనే కొంటారు. "నాకలాంటి పట్టింపుల్లేవండి" అని గొప్పగా చెప్పి తెచ్చుకున్నాను. ఈ సంగతి మా అత్తగారికి తెలిస్తే దుద్దుల్ని గడప దాటి లోపలికి రానివ్వరని, వాళ్ళు ఇల్లు కట్టుకుంటూ అమ్ముతున్నారని అబద్ధమాడాను.

మొదటిరోజు నీళ్ళ మోటారు కాలిపోయింది. నా చెయ్యి దానంతటదే చెవి దుద్దు మీదకి పోయింది. "పదిహేనేళ్ళ మోటారు, కాలక ఏం చేస్తుంది" అన్నారు అత్తగారు. రెండోరోజు మావారు మెట్ల మీద జారి మడమ బెణికించుకున్నారు. "ఫోన్ చూసుకుంటూ దిగితే అంతే మరి" అన్నారావిడ. మూడోరోజు పొద్దున్నే పాలు విరిగాయి. పాలెందుకు విరుగుతాయో తరగతిలో పాఠం చెప్పేది నేనే. అయినా దుద్దులు తీసి డబ్బాలో పెట్టేశాను. ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళ కోరిక ఇలా తీరినట్టే తీరి చేజారుతోందని ఒక ఏడుపు, ఇంత చదివీ భయపడుతున్నానని ఇంకో ఏడుపు.

"ఏంటమ్మా, తిరిగిచ్చేస్తున్నావా?" అన్నారు అత్తగారు గుమ్మంలో నిలబడి.

ఇక దాచడం నా వల్ల కాలేదు. ఉన్నదంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆవిడ డబ్బా అందుకుని, దుద్దుల్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశారు.

"నా దుద్దులు ఎంత బాగా అచ్చొచ్చాయో ఊరంతా చెప్పుకునేవారమ్మా. రోజూ పెట్టుకుంటే ఏ రాయి ఊడిపోతుందోనని బీరువాలో దాచాను. తుఫానుకి కొబ్బరిచెట్లన్నీ పడిపోయిన ఏడాది అమ్మేశాం. నేను పెట్టుకున్నది నాలుగంటే నాలుగు పెళ్ళిళ్ళకి. ఇలా తిరుగు."

తిరిగాను. ఆవిడే నా రెండు చెవులకీ దుద్దులు పెట్టి మరలు బిగించారు. మావారు కాలికి కట్టుతో మంచం మీంచే ఇదంతా చూస్తున్నారు.

"అయితే ఇంక జాగ్రత్తగా ఉండాల్సింది నేనేనన్నమాట" అన్నారు.