మూడో చక్రపు టోపీ

నా చేతుల మీదుగా జరిగిన ఒక ఘోరం చెబుతాను. ప్రాణనష్టం లేదు. పరువు మాత్రం మిగల్లేదు.

మా తోడల్లుడు నర్సింహ, అంటే నా భార్య అండాలు అక్క మొగుడు, జడ్చర్లలో ఉండేవాడు. ఒకసారి పట్నం నుంచి, తనను పెద్దబాపు అని పిలిచే మా బిడ్డ యాదమ్మకు మూడు చక్రాల సైకిలు తెచ్చాడు. చిట్యాలలో మా వాడకట్టున అట్లాంటిది ఇంకొకటి లేదు. ఆనాటి నుంచి పిల్ల నన్ను చూసి నవ్వితే ఒట్టు. అన్నం పెడితే "పెద్దబాపు బండి మీద తింట", జోకొడితే "పెద్దబాపు బండి పక్కన పండుకుంట". సున్నపు రాయి మీద నీళ్లు పోసినట్టు ఉడికిపోయాను.

దేవుడు నా మొర విన్నాడు. దసరా దగ్గర పడగానే బండి వెనక చక్రం ఒకటి ఊడింది. దాన్ని ఇరుసు మీద ఆపేది చిన్న ఉక్కు టోపీ. లోపల వంగిన పళ్లుంటాయి. ఇరుసు కొసకు పెట్టి సుత్తితో కొడితే కరుచుకుంటుంది, మళ్లీ దిగదు. ఊడిందంటే పళ్లు సాగినట్టే, కొత్తది వేయాలి.

"పండుగకు బావ వస్తడు గద, ఆయన చూస్తడులే," అంది అండాలు.

"ఎందుకు, నాకు చేతుల్లేవా?"

"ఉన్నయి. మొల కొట్టమంటె గోడ కూలింది గద, గందుకని."

గోడ అప్పటికే పాతది. పాఠకులు గమనించాలి.

బడికి పోకుండానే లెక్కలు నేర్చినవాణ్ణి. ఊళ్లో చేను కొలవాలన్నా, గాదె కొలవాలన్నా నన్నే పిలిచేవారు. రేకు ముక్కకు బెజ్జం చేసి, ఇరుసు బిగుతుగా దూరేదాకా ఆకురాయితో రాకి, ఆ రేకుతో నార్కట్‌పల్లి సైకిల్ దుకాణానికి పోయాను.

"పాత టోపీ తేలేదా అన్నా?"

"దాని నోరు సాగింది. దాన్ని నమ్మితె కొత్తది గూడ ఊడుతది. ఇరుసు కొలత తెచ్చిన."

"ఇంకొకటి తీస్కపో. ఒకటి చెడినా పనికొస్తది."

"నా కొలత తప్పదు."

ఒక్కటే తెచ్చాను.

దసరా పొద్దున బండ్లకు పూజ. అండాలు ఊడిన చక్రాన్ని కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఆరడానికి అరుగు మీద ఎండలో పెట్టింది. అది ఆరేదాకా ఆగుదామని కూర్చున్నానో లేదో, "పెద్దబాపు వచ్చిండు" అంటూ యాదమ్మ వాకిట్లోకి ఉరికింది. ఆయన గడప దాటేలోపు పని ముగియాలి. సుత్తి తీశాను. టోపీని ఇరుసు కొసకు పెట్టి, లోపలున్న కసి అంతా తీరేలా కొట్టాను.

"చూడన్నా, గిది ఇగ జన్మల ఊడదు."

నర్సింహ కూర్చుని టోపీని గుంజి చూశాడు. "నిజమే తమ్మీ. మస్తు గట్టిగ కొట్టినవు."

ఆ మాట కోసమే అన్నాళ్లు బతికాను.

అంతలో యాదమ్మ అరుగు మీది చక్రాన్ని రెండు చేతులా పొట్టకు హత్తుకుని తెచ్చింది. గౌనంతా కుంకుమ.

"బాపూ, మరి గిది ఎవలిది?"

అండాలు కొంగు నోట్లో కుక్కుకుంది. నర్సింహ నవ్వలేదు, అది ఇంకా ఘోరం. "ఆకురాయి ఉందా తమ్మీ?" అని అడిగి, నా టోపీని రాకి రాకి తెంపి, చక్రం ఎక్కించి, తన సంచిలోంచి కొత్త టోపీ తీశాడు.

"గివి ఊడుతయని దుకాణపాయన చెప్పిండు. జర ఎక్కువే తెచ్చిన."

యాదమ్మ పెద్దబాపు బండి మీద వాడకట్టంతా తిరిగింది.

ఆ సాయంత్రం జమ్మి ఆకు చేతబట్టుకుని ఒట్టు వేసుకున్నాను. ఊరి చేలన్నీ కొలిచిన నేను, ఇకమీదట సుత్తి ఎత్తే ముందు చక్రాలను మూడు దాకా లెక్కపెడతాను.