బిగించని బోల్టు

టెక్సస్‌లోని ప్లేనోలో, మా గ్యారేజీలో నా పాతకాలపు అమెరికన్ టూరింగ్ బైక్‌ను శనివారాలు సర్వీస్ చేసేవాణ్ని. నేను రెంచి తిప్పుతుంటే మిత్రుడు మురళి టార్చి పట్టేవాడు.

ఒకసారి ఆయిల్ మారుస్తూ ఇంజన్ అడుగున ఉండే బోల్టును చేత్తో తిప్పి పెట్టాను. ఇంతలో ఆఫీస్ కాల్ రావడంతో రెంచితో బిగించడం మరిచాను. మర్నాడు మా ఆవిడను వెనక ఎక్కించుకుని వెళ్తుంటే హైవే మీద బోల్టు ఊడి, ఆయిల్ వెనక టైరు మీద పడి బండి జారింది. ఆమె చెయ్యి విరిగింది.

ఆసుపత్రిలో ఆమె "బోల్టు ఎవరు బిగించారు?" అని అడిగితే, భయంతో "మురళి" అనేశాను. పక్కనే ఉన్న మురళి నన్నొకసారి చూసి, "సారీ వదినా" అన్నాడు. మళ్లీ మా ఇంటికి రాలేదు.

ఇప్పుడు టార్చిని నోట కరచుకుని ఒక్కణ్నే పని చేసుకుంటున్నాను. తప్పు నాదేనని ఒప్పుకుంటూ మురళికి రాసిన ఉత్తరాన్ని, పంపేముందు మా ఆవిడకు చదివి వినిపించాను.

"తెలుసు. మురళి చేతిలో రెంచి ఎప్పుడైనా చూశానా?" అంది.