పసుపు పట్టని గోడ

మా అమ్మాయి పెళ్ళి కుదిరిన ఏడాది, దుర్గ్ దగ్గర ఖుర్సీపార్‌లోని మా ఇంటి ముందు గదికి చెక్క గోడలు వచ్చాయి. నిజానికి గోడలు చెక్కవి కావు. పాత సిమెంటు గోడల మీద చెక్క పట్టీలు బిగించి, వాటి మీద టేకు వెనీర్ అంటించిన ప్లైవుడ్ పలకలు కొట్టి, పైన అద్దంలా మెరిసే పాలిష్ పెట్టారు. టేకు అన్నది పైన కాగితమంత పొర మాత్రమేనని మా అబ్బాయి చెబితేనే నాకు తెలిసింది. వాడు అప్పుడే క్యాంప్ 1 అనే బస్తీ వైపు ప్లైవుడ్ దుకాణం పెట్టుకున్నాడు. మాటలతో చెబితే జనం నమ్మడం లేదు, కొనేవాళ్ళను తీసుకొచ్చి మన గదే చూపిస్తాను, పెళ్ళివారికీ బాగుంటుంది అన్నాడు. కాదనడానికి నాకు కారణం కనిపించలేదు.

ఏ పనైనా ముందు కాగితం మీద గీసుకోవడం నేను పనిచేసిన ఉక్కు ప్లాంటు నాకు నేర్పిన అలవాటు. ఉద్యోగం వదిలాక కూడా అది పోలేదు. గది కొలతలు తీసి డైరీలో గీశాను. తలుపు, కిటికీ, స్విచ్ బోర్డులు గుర్తు పెట్టాను. తూర్పు గోడ దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు ఆగింది. అక్కడ పేరంటాలు ఉంది.

మా వంశంలో ఎప్పుడో పసుపు కుంకుమలతో పోయిన ఒక కోడలిని ఇంటి దేవతగా కొలుస్తాం. బొమ్మ ఉండదు, పటం ఉండదు. గోడ మీద పసుపుతో పలకంత మేర అలికి, దాని మీద కుంకుమ బొట్లు పెడతాం. ఇంట్లో పెళ్ళి జరిగితే మొదటి పసుపు ఆవిడకే. అది ఆరి గోడకి పట్టాకే పెళ్ళికూతురికి నలుగు పెట్టాలి. ఇల్లు మారితే పాత గోడ మీది పసుపు కొంచెం గీకి, కొత్త పసుపులో కలిపి కొత్త గోడకి పూస్తారు. మేం మొదట ఉన్న క్యాంపు ఇంటి నుంచి ఈ ఇంటికి మా ఆవిడ పేరంటాలిని అలాగే తెచ్చుకుంది. అంతకుముందు మా అమ్మ విజయనగరం వైపు ఊరి నుంచి క్యాంపుకి తెచ్చింది.

ఆ చోటు మట్టుకు పలక కొట్టకుండా వదిలేయమన్నాను. గోడంతా మెరుస్తూ మధ్యలో చిన్న గూడులా సిమెంటు కనిపిస్తే చూసేవాళ్ళు నవ్వుతారని అబ్బాయి అన్నాడు. మేమిద్దరం మాటా మాటా అనుకుంటుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది.

"గడప కర్ర కాదేటి?" అంది. "గడపకి పసుపు పూస్తన్నాం కదా. కర్రకి పట్టినంత పసుపు సిమెంటుకి పడతాదా? కొట్టనియ్యండి. పెళ్ళికి ఆయమ్మ కూడా కొత్త గోడ మీదికొస్తాది."

ఆవిడే అంత సంతోషంగా ఒప్పుకున్నాక ఇక నేను చెప్పేదేముంది? గోడ మీది పసుపు మొత్తం చాకుతో మెల్లగా గీకి కుంకుమ బరిణెలో దాచుకుంది. తరువాత వడ్రంగి ఆ గోడకి చెద మందు కొట్టి, పట్టీలు బిగించాడు. పక్కనున్న ఉతై అనే ఊరి నుంచి వచ్చేవాడు, పనిమంతుడు. చివరి పూత ఆరాక మా ఆవిడని పిలిచి, గ్లాసుతో నీళ్ళు చల్లి చూపించాడు. "దేఖో మాజీ, పానీ భీ నహీ టికేగా" అన్నాడు. నీటి బొట్టు కూడా నిలవదని వాడి గొప్ప. మేమంతా మెచ్చుకున్నాం. అందులో నేనూ ఉన్నాను.

పెళ్ళి పనులకి ఊరి నుంచి మా అక్క వచ్చింది. ఇంటికి పెద్దది, పేరంటాలికి పసుపు పెట్టించేది ఆవిడే. గది చూసి, "సినిమా హాలు కట్టీసినావేటిరా తమ్ముడా, టిక్కెట్టెంత?" అంది. గోడలో తన నీడ చూసుకుని పైట సర్దుకుంది. అందరం నవ్వుకున్నాం.

నలుగు నాటి ఉదయం వీధిలోని మనవాళ్ళ ఆడవాళ్ళు వచ్చి నలుగు పాట అందుకున్నారు. అమ్మాయి పీట మీద కూర్చుంది. మా ఆవిడ తలస్నానం చేసిన తడి చీరతోనే, బరిణెలోని పాత పసుపంతా కొత్త పసుపులో కలిపి, గోడ మీద పూసింది. పూసినప్పుడు బాగానే ఉంది. కుంకుమ బొట్టు పెట్టబోతుండగా పై అంచు కదిలింది. పసుపు చుక్కలు చుక్కలుగా విడిపోయి, పాలిష్ మీద గీతలుగా కారింది. మా ఆవిడ అరచేతితో ఆపబోయింది. చేతికి అంటింది గాని గోడకి అంటలేదు. మిగిలినది నేల మీదకి జారింది.

పాట ఆగిపోయింది. మా ఆవిడ నేల మీది పసుపు చేత్తో ఎత్తబోతే అక్క మణికట్టు పట్టుకుంది.

"నేల పడింది ఎత్తకూడదే."

"పాతదంతా అందులోనే ఉంది వదినా."

"తెలుసే. ఒగ్గీ."

ఇంకోసారి చిక్కగా కలిపి పూశారు. ఈసారి కాసేపు నిలిచింది. అంచులు ఆరుతున్నాయని అనుకునేలోపు పెచ్చుగా లేచి ఊడిపడింది. అబ్బాయి దుకాణం నుంచి గ్లాస్ పేపర్ తెచ్చాడు. "అమ్మా, కొంచెం రుద్దితే బస్, పట్టేసుకుంటాది" అన్నాడు. తను మెరిపించిన గోడని తనే గీకడానికి సిద్ధపడ్డాడు. మా ఆవిడ వద్దంది. ఆయమ్మ చోట ఇంక ఏ పనిముట్టూ పెట్టొద్దంది.

అమ్మాయి పీట మీదే ఉంది. ముహూర్తం దాటిపోతోంది. నేను స్టోర్ గదిలో వెతికి, పాలిష్ లేని పాత మామిడి పీట ఒకటి తుడిచి తెచ్చాను. నాకు తోచింది అంతే. దాన్ని గోడకి ఆనించి, పాతది కలవని ఉత్త పసుపు పూసి బొట్లు పెట్టారు. వెంటనే పట్టింది. అమ్మాయి దణ్ణం పెట్టింది, నలుగు జరిగింది. ఆ సాయంత్రం పెరట్లో అక్క నాతో మాత్రం అంది:

"పీటేసి కూకోబెట్టినోళ్ళు సుట్టాలురా. ఇంటి మనిషికి పీటేటి?"

ఆ రోజు డైరీలో 'నలుగు జరిగింది' అని రాసి మూశాను.

పెళ్ళి బాగానే జరిగింది. అమ్మాయి దుర్గ్‌లో అత్తవారింటికి వెళ్ళింది, సుఖంగానే ఉంది. అబ్బాయి కొనేవాళ్ళని తీసుకొస్తూనే ఉన్నాడు. వాళ్ళు వచ్చేముందు మా ఆవిడ పీటని తీసి వంటింట్లో బియ్యం డబ్బా పక్కన పెట్టేది. వెళ్ళాక మళ్ళీ తెచ్చేది. కొన్నాళ్ళకి తేవడం మానేసింది. పీట వంటింట్లోనే ఉండిపోయింది. దీపం పెట్టేది, కానీ ఆయమ్మ అనడం మానుకుంది. ఎవరైనా అడిగితే, "పెళ్ళికెట్టిన పీట" అనేది. గుడికి పోదామంటే వచ్చేది, భోజనం వేళకి వండేది, మాటకి మాట చెప్పేది. ఫలానా చోట తేడా వచ్చిందని నేను చూపించగలిగేది ఏదీ లేదు.

ఒక ఆదివారం అబ్బాయి స్క్రూడ్రైవర్, సుత్తి తెచ్చి తూర్పు గోడ ముందు నిలబడ్డాడు. కొనేవాళ్ళు పోతే పోనీ అన్నాడు.

"ఇప్పీమంటావేటమ్మా?"

మా ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"ఇప్పితే గోడొస్తాది నాన్నా. ఆయమ్మని దేన్తో పిలుస్తాను?"

వాడు సుత్తి పట్టుకుని నా వైపు తిరిగాడు. తండ్రిని కదా, ఏదో ఒకటి చెబుతానని నిలబడ్డాడు. కొట్టమనలేకపోయాను, వద్దనలేకపోయాను. వాడు పనిముట్లు సంచిలో పెట్టుకుని దుకాణానికి వెళ్ళిపోయాడు.