సగానికి దించిన రోగం

ఎవరైనా చీర ధర తగ్గిస్తారు, చేప ధర తగ్గిస్తారు. డాక్టరు ముందు కూర్చుని సొంత రోగాన్నే సగానికి దించిన ఘనురాలిని మీరెక్కడా చూసి ఉండరు. ఆ ఘనురాలిని నేనే.

మాది తాడేపల్లిగూడెంలో బట్టల కొట్టు. పుట్టినిల్లూ కొట్టే. "నీ అవసరం ఎదుటివాడికి తెలియనివ్వకు" అన్నది మా నాన్న ఉగ్గుపాలతో పోసిన సూత్రం.

యాభై దగ్గర పడ్డాక ముట్లు తప్పడం, వేడి ఆవిర్లు మొదలయ్యాయి. ఫ్యాను కిందే కుడుములా ఉడికేదాన్ని. వాటి వెనకే ఏడుపు దూరింది. ఏ చీర మడత విప్పినా గోనెసంచిలా కనబడేది. అన్నిటినీ 'వయసు' అని ఒకే మూట కట్టి ఏలూరు వెళ్లాను.

"ఏమిటమ్మా ఇబ్బంది?" అన్నారు డాక్టరమ్మగారు.

"పెద్దగా ఏం లేదండీ. కాస్త వేడి ఆవిర్లు."

"మనసెలా ఉంటోంది?"

"బ్రహ్మాండంగా ఉందండీ!"

అన్నీ చెబితే మందుల చీటీ బారెడవుతుందని నా ఎత్తు. చెప్పినదానికే మందిచ్చారు. బేరం గెలిచానని భీమడోలు దాకా మురిసి, అది దాటగానే బస్సులో భోరుమన్నాను.

"ఎవరు పోయారండీ?" అంది పక్క సీటావిడ.

ఎవరని చెప్పను?

ఆవిర్లు తగ్గాయి. ఏడుపు తగ్గలేదు. అయినా మొండిగా నోరు విప్పలేదు. ఒకరోజు కొల్లేటి చేపలు తెచ్చే మరియమ్మ కొరమీను ధర చెప్పింది. "సరే, కొయ్యి" అన్నాను. ఆమె కత్తిపీట ముందు నుంచి చటుక్కున లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఓసారి ఇలా రండి! అమ్మగారు ఇవాళ కూడా చెప్పిన ధరకే ఒప్పేసుకున్నారండీ!"

మావారు సగం గీసిన గడ్డంతో పరుగెత్తుకొచ్చారు. "ఎన్నాళ్లనుంచి?"

"నెల్లాళ్లయిందండీ. మొదట్లో నాకూ బాగానే ఉందండీ. ఇప్పుడు భయమేస్తందండీ."

మర్నాడే మళ్లీ ఏలూరు. "మా ఆవిడ బేరమాడటం మానేసిందండీ" అన్నారు మావారు. డాక్టరమ్మగారు కలం పక్కన పెట్టి నావైపు తిరిగారు.

"పొద్దున్నే లేవాలనిపిస్తోందా అమ్మా?"

"ఎందుకు లేవాలా అనిపిస్తోందండీ." ఆ మాట నా నోటినుంచి రావడం మావారు వినడం అదే మొదటిసారి. నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆవిర్లు మెనోపాజ్‌వి. వారాల తరబడి దేనిమీదా ఇష్టం లేకపోవడం, ఈ ఏడుపు డిప్రెషన్. ఒక్కోసారి రెండూ కలిసొస్తాయి. దేని వైద్యం దానిదే."

"రెండెందుకండీ, ఒకటి తగ్గించండి."

"రెండూ తగ్గిస్తాను. దాచకుండా చెప్పండి."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. చెప్పందే డాక్టరైనా కనిపెట్టరు. ఆ రోజు మూటంతా విప్పాను. మందులు వాడాను, రమ్మన్న ప్రతిసారీ వెళ్లి మాట్లాడాను, ఒక్కసారీ ఎగ్గొట్టలేదు.

కొన్ని నెలలకు మరియమ్మ గంప దించింది. "ఈ పిల్ల కొరమీనుకా ఇంత ధర? సగానికిస్తే ఇయ్యి, లేకపోతే గంప ఎత్తుకో!" అన్నాను.

"ప్రభువా, నీకు స్తోత్రం! అమ్మగారికి నయమైపోయింది!" అని చేతులెత్తింది. వెంటనే ఆ చేతులే నెత్తిన పెట్టుకుంది. "అయ్యగారిని పిలిచి నా నోట్లో నేనే మన్ను కొట్టుకున్నానండీ!"

ఆ కొరమీను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట డాక్టరు దగ్గర నా రోగాన్ని పూర్తి ధరకే చెబుతాను. చేప మాత్రం సగానికే.