మూడుసార్ల బావ

మా బావ బుచ్చిరాములు ఏ సంగతైనా మూడుసార్లు జరిగితే తప్ప నమ్మడు. ముప్పై ఏళ్లు వరి పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తగా పనిచేసి ఆయన నేర్చుకున్న విద్య అదొక్కటే. అక్కడ ఏ రకాన్నయినా మూడు మళ్లలో నాటి, మూడేళ్లు చూసి గానీ మంచిదనరు. మళ్లకు పనికొచ్చే పద్ధతిని ఈ మహానుభావుడు మనుషుల మీదికి తెచ్చాడు. మెట్‌పల్లిలో కిరాణా కొట్టు నడుపుకునే నాలాంటి అజ్ఞానికి కూడా అది పిచ్చి అని తెలుసు.

మా కోమలక్కను చూడటానికి మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి మా అవ్వ గారెలు చేసింది. రెండోసారి డబ్బా అడుగున మిగిలిన సకినాలు పెట్టింది. మూడోసారి మంచినీళ్లిచ్చి ఊరుకుంది.

"పిల్ల నచ్చిందా లేదా, ఒక్క మాట చెప్పు బిడ్డా" అన్నాడు మా బాపు.

"రెండుసార్లయితే నచ్చింది మామా. గిప్పుడు సుత నచ్చితే ఖాయం చేసుకుందం."

అప్పుడే తరిమేయాల్సింది. తలుపు చాటు నుంచి అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వుతోనే సంబంధం కుదిరిపోయింది.

పెళ్లయ్యాక "పచ్చిపులుసు ఎట్లున్నది?" అని అక్క అడిగితే, "ఇయ్యాల మంచిగనే ఉన్నది. ఇంక రెండు దినాలు చెయ్యి, చెప్త" అనేవాడు. నేను వాళ్లింటికి పోయినప్పుడల్లా పచ్చిపులుసు మూడో రోజే నడిచేది, నా ఖర్మ. కూతురు సృజన మొదటిసారి "బాపు" అన్నప్పుడు ఎత్తుకుని ముద్దాడాడా? లేదు. నోటుబుక్కు పట్టుకుని మిగతా రెండింటి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

ఇంతటి మేధావి ఎనిమిదేళ్లు తంటాలుపడి ఉల్లికోడు పురుగుకు లొంగని సన్నవరి ఒకటి తయారుచేశాడు. దానికి కోమల అని పేరు పెడతానన్నాడు. అక్క వాడంతా చెప్పుకుంది. "ఇగ నా పేరు సంచుల మీద అచ్చేస్తరు తమ్మీ" అని నాకు ఫోన్ చేసి ఒకటే మురిపెం. నేను కొట్లో ఆ బస్తాలకు జాగా కూడా ఖాళీ చేసి పెట్టాను.

రెండేళ్లు పంట బ్రహ్మాండంగా వచ్చింది. మూడో ఏడు వరి ఈనే సమయంలో ఈయన పై అధికారులకు ఉత్తరం రాశాడు. నారుమడిలో రకాల పేర్లున్న పలకలు తారుమారయ్యాయి, తప్పు నాదే, ఈ ఏటి ఫలితం లెక్కలోకి తీసుకోవద్దు అని. మూడు నెలల్లో రిటైరయ్యాడు. ఒక శాలువా, ఒక గోడగడియారం ఇచ్చి పంపారు. ఆ వరి అక్కడే ఆగిపోయింది. ఊరందరినీ మూడుసార్లు అడిగే మనిషి తన పలకలను ఒక్కసారి చూసుకోలేకపోయాడు!

మరుసటి ఏడు అక్క గుండెపోటుతో పోయింది. ఆస్పత్రిలో డాక్టర్ చేతులు పట్టుకుని, "జర ఇంకోపారి చూడుండ్రి సార్" అని మూడుసార్లు చూపించాడు బావ. ఆ ఒక్కదాన్ని నేను ఎగతాళి చేయలేను. కానీ క్షమించనూ లేదు. ఈయన నిర్లక్ష్యం వల్ల మా అక్క పేరు ఒక్క సంచి మీదికి కూడా ఎక్కలేదు. అందుకే పదకొండేళ్లుగా, పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు కరీంనగర్ పోయి, అక్క పేరున అన్నం తిని, బావను నాలుగు తిట్టి వస్తున్నాను.

మొన్న కూడా విస్తరి ముందు కూర్చోగానే మొదలుపెట్టాను. నా పక్కన స్టీఫెన్ ఉన్నాడు. ఒకప్పుడు బావ కింద పొలం పనులు చూసిన కాంట్రాక్టు ఉద్యోగి. ఈ మధ్యే పర్మినెంట్ అయ్యాడు. నా తిట్లు సగంలో ఉండగానే అడ్డం వచ్చాడు.

"హనుమండ్లన్నా, సార్‌ను అనకు. గా పలకలు తారుమారు చేసింది నేను."

పెద్ద సార్లు చూడటానికి వస్తున్నారని, అందంగా కనిపించాలని, పలకలన్నీ పీకి కొత్త రంగు వేశాడట. ఆరాక గుర్తున్నకాడికి గుచ్చేశాడట.

"అప్పుడు నా పెండ్లాం ఆరాధనకు నెలలు నిండినయ్. నౌకరి పోతదని సార్ కాళ్లు వట్టుకున్న."

"గీయన పేరు రాయక నీ పేరెందుకు రాసుకున్నవ్ బావా?"

బావ తాపీగా అన్నం కలుపుకుంటున్నాడు. "ఒక్కసారే చేసిండు గదా. ఒక్కసారి జరిగినదాన్ని వట్టి మనిషిని ఎట్ల తేలుస్తం?"

"సార్ రిటైరైన నాడు గా గడియారం కింద పడేసిన. 'రెండైనయ్, పైలం' అన్నడు" అన్నాడు స్టీఫెన్.

నేను బావ వైపు తిరిగాను. "అక్కకు తెలుసా?"

"తెలుసు" అన్నాడు బావ. "మూడు దినాలు నాతోని మాట్లాడలే. నాలుగో నాడు చీర, పండ్లు వట్టుకొని తనే ఆరాధనను చూడవోయింది."

అక్క నాలుగో రోజు దింపేసిన కోపాన్ని నేను పదకొండేళ్లు మోశాను. అదీ ఆమె తరఫున! సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"తప్పైంది బావా. మరి నాకెందుకు చెప్పలే?"

వాళ్లిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు.

"మీ అక్కనే ఒట్టు వెట్టించుకున్నది. 'మా తమ్మునికి చెప్పిండ్రంటే, వాడు బస్సు దిగకముందే మెట్‌పల్లికి ఎరుకైతది. పిలగాని నౌకరి పోతది' అన్నది" అన్నాడు బావ.

ఎంత మాట! సొంత తమ్ముణ్ని పట్టుకుని! ఆ రోషంతోనే బస్సెక్కాను. కొండగట్టు వచ్చేలోపు పక్క సీటాయనకు మా బావ ఎంత మంచివాడో పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన జగిత్యాలలో దిగిపోతే, ఆ సీట్లో కూర్చున్న పెద్దమనిషికి చెప్పాను. ఇప్పుడు మీకు.