ఆవులా లేచిన గుర్రం

నా బొమ్మల కథలో వీరుడికి ఇప్పుడు డెబ్బై దాటాయి. నేను మదనపల్లెలో డ్రాయింగ్ టీచరుగా చేరిన కొత్తలో ఆయన ఒంటిచేత్తో గ్రానైట్ బండ ఎత్తేవాడు. నాకు మోకాళ్లు పట్టేసిన ఏడాది ఆయనకీ పట్టేశాయి. నాకు కళ్లద్దాలొస్తే ఆయనకీ వచ్చాయి. ఆయన్ని నాతోపాటు ముసలివాణ్ణి చేయడం ఎవరినీ అడిగి చేయలేదు.

కథ జరిగేది లోకం నాశనమైపోయిన తరవాత. వానల్లేవు, ప్రభుత్వాల్లేవు, తుపాకీ ఉన్నవాడిదే బావి. కౌబాయ్ సినిమాల్లో లాగా టోపీ, గుర్రం, దుమ్ము. ఆ ఎడారి కోసం నేను పెద్దగా ఊహించిందేమీ లేదు. కుప్పం దగ్గర వదిలేసిన క్వారీలనూ, పెద్దతిప్పసముద్రం వైపు ఎండిన చెరువులనూ చూసి గీశాను. మాకు ప్రళయం కొత్తేమీ కాదు, అప్పుడప్పుడూ వచ్చి పోతూనే ఉంటుంది.

రిటైరయ్యాక బొమ్మలన్నీ సంచిలో పెట్టుకుని, కుప్పంలో రైలెక్కి, బెంగుళూరులో ఒక ప్రచురణకర్త దగ్గరికి వెళ్లాను. అది పుస్తకంగా రావాలి, అంతే నా కోరిక. పేజీలు తిప్పుతున్న కుర్ర ఎడిటర్ ఒకచోట ఆగి పకపకా నవ్వాడు.

"మేడమ్, గుర్రం ఇలా లేవదు. ముందుకాళ్లు ఆన్చి లేస్తుంది. మీరు వెనకభాగం ముందు లేపారు. ఇది ఆవు లేచే పద్ధతి."

నిజమే. పుంగనూరులో మాది పశువుల మీద బతికిన ఇల్లు. గుర్రాన్ని పెళ్లి ఊరేగింపులో నిలబడి ఉండగా చూశానే తప్ప, పడుకుని లేవగా ఎన్నడూ చూడలేదు. తల కొట్టేసినట్టయింది. దిద్దుతానన్నాను.

అతను అక్కడితో ఊరుకోలేదు. "ఈ ముసలాయన్ని చివర్లో చంపేయండి. ఆయన టోపీ ఒక యువకుడు పెట్టుకుంటాడు. అప్పుడు వేస్తాం. ముసలి హీరోని ఎవరు చదువుతారు మేడమ్?"

కోపం నషాళానికంటింది. పుస్తకం మీద ఆశ మాత్రం చావలేదు. ఎటూ తేల్చుకోలేక పుంగనూరులో మా అన్న ఇంటికి వెళ్లాను.

పశువుల కొట్టం ముందు నేల మీద కూర్చుని జరిగింది చెప్పాను. అన్న గుర్రం మాట దగ్గరే ఆగిపోయాడు.

"వానల్లేని కాలంలో గుర్రానికి మేపు యాడ తెస్తాడమ్మా? మన పొట్టావుని ఇయ్యి. ఇంత గడ్డేస్తే బతుకుతాది, పాలూ ఇస్తాది."

"హీరో పొట్టావునెక్కి పోతాడా అన్నా?"

"ఎక్కేది యాల? పక్కన నడస్తాడు. కాళ్లు లేవా?"

ఇద్దరం కడుపారా నవ్వుకున్నాం. అంతలో కొట్టంలో ముసలావు లేచింది. ముందు మోకాళ్ల మీద బరువేసి, వెనకభాగం ఎత్తి, అలాగే కాసేపుండి, ఊపిరి తీసుకుని, అప్పుడు ముందుకాళ్లు నిలబెట్టింది. దానికి నీళ్లు పెట్టాలని అన్న కూడా లేచాడు. చేతులు నేలకాన్చి, నడుమెత్తి, మోకాళ్లు పట్టుకుని కాసేపు వంగి, నిలబడ్డాడు. నేను రోజూ లేచేదీ అలాగే. అలా లేవడానికి ఎంత మొండితనం కావాలో ఆ ఎడిటర్‌కేం తెలుసు!

మదనపల్లెకొచ్చి గుర్రాలన్నీ తీసేశాను. వీరుడి పక్కన పుంగనూరు పొట్టావు చేరింది. చివర్లో తుపాకీ దెబ్బ తిని ఆయన బావి దగ్గర బోర్లా పడతాడు. కాల్చిన శత్రువు వీరుడి టోపీ తీసుకోడానికి వంగుతాడు. తరవాతి పేజీలో వీరుడి చేతులు నేలకానాయి. ఆ తరవాతి పేజీలో నడుము లేచింది. తొందరపడకుండా గీసి పంపించాను.

ఎడిటర్ ఫోన్ చేశాడు. "బాగుంది మేడమ్. కానీ ఆయన చనిపోయే పేజీ రాలేదు. పోస్టులో పోయిందా?"

"పోలేదప్పా. లేస్తాండాడు, సూళ్లేదా?"

"అలాగైతే మేం వేయలేం."

"వద్దులేప్పా. మీరు వెయ్యలేదని ఆయన పడుకోనుండడు."

బాధ వేయలేదంటే అబద్ధం. అయినా మర్నాడే జిరాక్స్ అంగడికి వెళ్లి కాపీలు తీయించి, దారంతో నేనే కుట్టాను. మొదటిది అన్నకిచ్చాను. అన్న చివరి పేజీదాకా తిప్పాడు. వీరుడు ఇంకా పూర్తిగా నిలబడలేదు. ఆవు పక్కనే నిలబడి ఆయన్నే చూస్తోంది.

"సంపేయమన్న్యాడా ఆయప్ప?" అన్నాడు అన్న. "ఆవుకింకా నీళ్లే పెట్టలేదే. సచ్చేదానికి తీరిక యాడుండాది వీనికి?"