రొట్టె పిండి పాట

మా మేడమ్‌ది ఫిన్లాండ్. జానపద పాటలు సేకరించడమే ఆవిడ బతుకు. యూనివర్సిటీల్లో ఆడవాళ్ళని ఎవరూ లెక్కచెయ్యని కాలంలో, మంచులో టేప్ రికార్డర్ మోసుకుంటూ ఊరూరా తిరిగిన మనిషి. అక్కడ పెళ్ళికూతుర్ని సాగనంపేటప్పుడూ, శవం లేచేటప్పుడూ ఆడవాళ్ళు శోకాలు తీస్తూ పాడేవారట. వాటిని మొదట్లో టేపు మీద రికార్డు చేసినవాళ్ళలో ఆవిడొకరు. తర్వాత అమెరికా వచ్చి పాఠాలు చెప్పారు. నేను ఆవిడ దగ్గరే మాస్టర్స్ చేసి, పాత టేపుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఉద్యోగంలో అక్కడే కుదురుకున్నాను.

అబ్బో, ఆవిడ రూలు! పాడేవాళ్ళు తప్ప గదిలో ఇంకెవరూ కిక్కురుమనకూడదు. ఓసారి ఒక తెలుగు ఆంటీ ఇంట్లో రికార్డు చేస్తుంటే ఉండబట్టలేక "భలే!" అన్నాను. "ష్!" అని ఒక్క కసురు కసిరారు. ఆంటీ కూడా బెదిరిపోయి పాట ఆపేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

రిటైరయ్యాక మేడమ్ మా ఊరు షామ్‌బర్గ్‌లో, మా ఇంటికి దగ్గర్లోనే ఓల్డేజ్ హోమ్‌లో చేరారు. ఆదివారాలు వెళ్ళేదాన్ని. ఎప్పుడెళ్ళినా ఒకటే బెంగ. వాళ్ళమ్మ రొట్టె పిండి పిసుకుతూ ఓ పాట పాడేదట. ఊళ్ళో అందరి పాటలూ రికార్డు చేశారు గానీ, అదొక్కటీ చెయ్యలేదు.

"ఇంట్లో పాటే కదా, ఎక్కడికి పోతుంది అనుకున్నాను. నేనిక్కడ ఉండగానే అమ్మ పోయింది. ఇప్పుడు వరస కూడా గుర్తు రావట్లేదు. నేను పోయేలోపు ఒక్కసారి వింటే చాలు," అనేవారు. నా ప్రాణం ఉసూరుమనేది.

ఈమధ్య ఆవిడ తొలి రోజుల టేపు ఒకటి నా చేతికొచ్చింది. వాళ్ళింట్లోనే చేసింది. పక్కింటి ముసలావిడెవరో శోకం పాడుతోంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే వెనకాల సన్నగా ఇంకో గొంతు, వంటింట్లోంచి. దానికి తగ్గట్టు పిండి బల్లకేసి కొడుతున్న చప్పుడు. వాళ్ళమ్మ పాటే, ఇంకేమై ఉంటుంది! మధ్యలో ఎవరో ఆడపిల్ల ఏదో అంది, ఆ తర్వాత వెనకాల పాట వినిపించలేదు. ఫిన్నిష్ నాకెక్కడ ఏడ్చింది? లాప్‌టాప్ పట్టుకుని ఆదరాబాదరా డ్రైవ్ చేసుకుంటూ మేడమ్ దగ్గరికి వెళ్ళాను.

మేడమ్ కళ్ళు మూసుకుని విన్నారు. రెండు చరణాలు. పెదవులు కదిలాయి, పాట గుర్తొచ్చేస్తోంది. అంతలో "ష్!" అని వినిపించింది. ఆ కసురు నేనెరుగుదును. గొంతే పడుచుది.

"ఏమన్నారు మేడమ్?" అన్నాను నోరాగక.

"'అమ్మా, కాసేపు నోరు మూసుకో. నా రికార్డింగ్ పాడవుతోంది' అన్నాను."

అని వెక్కి వెక్కి ఏడ్చారు. ఏ ముహూర్తాన తెచ్చానురా భగవంతుడా అనిపించింది. చాలాసేపటికి కళ్ళు తుడుచుకున్నారు.

"మళ్ళీ పెట్టు. నా గొంతు వచ్చేలోపు ఆపెయ్యి."

పెట్టాను. ఆపాను. ఏం లాభం, పాట ఉన్నదే అంతవరకు.